మా ఆఫీసుకు ఆకురాలు కాలం

సెప్టెంబరు ఇరవై మూడో తేదీ నుంచి మన కార్యాలయాలన్నింటిలోనూ శరదృతువు అమల్లోకి వస్తుందని ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులరు వచ్చింది. అది వచ్చిన రోజున మా ఊళ్లో ఎంత ఉక్కపోతగా ఉందంటే, టపా విప్పిన గుమాస్తా చేతి చెమటకి సర్క్యులరు మీది సంతకం కాస్త అలుక్కుపోయింది. అయినా చదవడానికి వీలుగానే ఉంది.

మాది దస్తావేజుల పునఃపరిశీలన కార్యాలయం. కాగితాల్లో ఎవరి పేరైనా, ఊరైనా, పుట్టిన తేదీ అయినా తప్పు పడితే దిద్దిపెట్టడం మా పని. నాగావళి ఒడ్డున ఓ పాత పెంకుటి బంగళాలో ఉంటుంది. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు సన్యాసిరావు. పేరులో ఉన్న వైరాగ్యం ఉద్యోగంలోకి రావడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

ఆ సర్క్యులరు మనుషుల గురించి కాదు, మొక్కల గురించి. అంతకు ముందు ఏడాది, బల్ల మీద పచ్చని మొక్క ఉంటే ఫైలు చురుగ్గా కదులుతుందని ప్రధాన కార్యాలయంలో ఎవరో పెద్దవారు ఎక్కడో చదివారు. వెంటనే 'హరిత సహచరి' అని ఓ పథకం పెట్టి మాకు నలభై మూడు కుండీలు పంపారు. మనీప్లాంట్లు, క్రోటన్లు, కత్తుల్లా నిటారుగా లేచే స్నేక్ ప్లాంట్లు. ప్రతి కుండీకీ రేకు బిళ్ల మీద ఓ నంబరు, ఆ నంబరుకి రిజిస్టరులో ఓ పేజీ. మొక్కలకి చోటు కావాలి కాబట్టి ఫైళ్లు బల్లల మీంచి బీరువాల్లోకి కదిలాయి. ఆ మేరకు పథకం ఫలించిందనే చెప్పాలి.

ఎవరి మొక్కకి వారే నీళ్లు పోసుకోవాలని నియమం. పక్కవారు పోస్తున్నారని ఎవరికి వారు అనుకున్నాం. మొదటి వేసవికే మొక్కలు సగం వాడిపోయాయి. అప్పుడు దాలమ్మ, ఎవరూ చెప్పకుండానే, వాటిని తన చేతిలోకి తీసుకుంది.

దాలమ్మ మా ఆఫీసులో కుండలకి నీళ్లు పట్టే మనిషి. యాభై దాటిన వయసు, ఎడమ మోకాలు కొద్దిగా ఈడుస్తూ నడక. పదకొండేళ్లుగా పని చేస్తున్నా ఆమె ఉద్యోగం తాత్కాలికమే. తాత్కాలికం అన్న మాట చెడకుండా ఉండటానికి ఎనభై తొమ్మిది రోజులకోసారి ఆమెని ఒక రోజు పనిలోంచి తీసేసి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటాం. ఆ లెక్కన ఆమె మా దగ్గర నలభై నాలుగుసార్లు ఉద్యోగం పోగొట్టుకుంది. కిందటి వానాకాలం విషజ్వరంతో తొమ్మిది రోజులు పడకేసినప్పుడు సెలవు పెట్టడానికి కూడా ఆమెకి హక్కు లేకపోయింది. లేని ఉద్యోగానికి సెలవేమిటని పైవాళ్లు అడిగారు. ఆ జూన్‌లో ఆమెని పర్మనెంటు చేసే ఫైలు, నేనే రాసి, ప్రధాన కార్యాలయానికి పంపాం. దసరాలోగా తేలుతుందని కబురు. ఆమె మీద ఏ మెమో పెండింగులో లేదని మేం ధ్రువీకరిస్తే చాలు.

ఇటువంటి సమయంలో శరదృతువు వచ్చింది.

మా అధికారి పరాంకుశం గారు నన్ను గదిలోకి పిలిచి సర్క్యులరు చేతిలో పెట్టారు. 'శరత్కాలంలో గృహమొక్కల సంరక్షణ' అని శీర్షిక. మంచు కురవకముందే మొక్కల్ని లోపలికి చేర్చాలట. ఈ కాలంలో మొక్కలు నిద్రావస్థలోకి జారుకుంటాయి కనుక పది రోజులకి ఒక్కసారి మాత్రమే, అదీ అరగ్లాసుకి మించకుండా, నీళ్లు పోయాలట. గది ఉష్ణోగ్రత పదహారు డిగ్రీలు దాటకూడదట. చలిమంటకి దగ్గరగా పెట్టకూడదట. రాలిన ఆకుల్ని ప్రతి శుక్రవారం లెక్కపెట్టి, ఏడో నంబరు ప్రొఫార్మాలో నింపి పంపాలట.

ఇది ఏదో చలిదేశం వాళ్లు వాళ్ల ఇళ్లకోసం రాసుకున్నది కావచ్చునని నేను మనవి చేశాను. మన ఊళ్లో ఆశ్వయుజంలో వాన కురుస్తుంది, కురవని పూట ఉడుకుతుంది, మంచు మాత్రం ఎన్నడూ కురవలేదని కూడా చెప్పాను.

పరాంకుశం గారు మంచివారు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో 'పై సూచిక ప్రకారం' అన్న మాట లేకుండా ఒక్క ఉత్తరం మొదలుపెట్టని మనిషి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు:

"సన్యాసిరావు గారూ, సర్క్యులరుకి దేశం ఉండదండీ. నంబరుంటుంది, తేదీ ఉంటుంది. రెండూ ఉన్నాయి కదా."

రెండూ ఉన్నాయి. నేను బయటికి వచ్చేశాను.

మొదట వచ్చిన ఇబ్బంది పదహారు డిగ్రీలతో. బంగళా మొత్తంలో ఏసీ ఉన్నది ఒక్క పరాంకుశం గారి గదిలోనే. కాబట్టి నలభై మూడు కుండీలూ ఆ గదిలోకి చేరాయి. బీరువా మీద ఎనిమిది, కిటికీల్లో పది, సోఫాలో ఆరు, నేల మీద మిగిలినవి. ఏసీ పదహారుకి తిప్పారు. మొదటి రోజు ఆయన శాలువా కప్పుకుని సంతకాలు పెట్టారు. రెండో రోజు ముఖం మాత్రం కనిపించే కోతిటోపీ పెట్టుకుని వచ్చారు. మూడో రోజున జలుబు చేసి, తుమ్మినప్పుడల్లా ముప్ఫై ఆరో నంబరు క్రోటన్ ముఖాన తగులుతుంటే, మొక్కల నిద్రకి భంగం కలుగుతుందని ఆయనకే అనిపించి, బల్లా కుర్చీ వరండాలోకి వేయించుకున్నారు. దాన్ని తాత్కాలిక క్యాంపు కార్యాలయంగా పరిగణించాలని తన పేర తానే ఉత్తర్వు రాసుకుని, అందినట్లు తానే సంతకం చేశారు.

వరండాలో ఫ్యాను లేదు. ఉన్నదల్లా అర్జీదారులు కూర్చునే ఒక పొడుగాటి బల్ల. అధికారి గారు దాని పక్కకి వచ్చి కూర్చోవడంతో ఓ చిక్కు వచ్చిపడింది. అంతవరకూ ఆయన్ని చూడాలంటే చీటీ రాసి లోపలికి పంపాలి, చీటీ నా దగ్గర ఆగాలి, నేను తీరిక చూసి లోపలికి పంపాలి. ఇప్పుడు తల తిప్పితే చాలు, ఆయన కనిపిస్తున్నారు. తల తిప్పకూడదన్న నియమం ఏదీ మా దగ్గర లేదు.

ఆ బల్ల మీద అప్పటికి రెండేళ్లుగా కూర్చుంటున్న మనిషి సింహాచలం. సముద్రం ఒడ్డు పల్లెనుంచి వచ్చే చేపల వ్యాపారి. మా ప్రాంతంలో సింహాచలం అన్న పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. ఈమె రేషన్ కార్డులో ఎవరో గుమాస్తా పేరు చూసి పురుషుడు అని రాసేశాడు. అప్పటినుంచీ ఆడవాళ్లకి వచ్చేవేవీ ఆమెకి రావడం లేదు. తాను ఆడమనిషినేనని రుజువు చేసే పత్రం తెమ్మని మేం అడిగాం. ఆ పత్రం ఎవరిస్తారో ఆమె అడిగింది. అది మా విభాగం పరిధిలోకి రాదని చెప్పాం. రెండేళ్లు అలా గడిచాయి.

వరండాలోకి వచ్చిన మొదటి రోజున పరాంకుశం గారు నాలుగు గంటల సేపు ఆమె పక్కన చెమట తుడుచుకున్నారు. సాయంత్రం, ఊరుకోలేక, ఆమె పని ఏమిటని అడిగారు. ఆమె కార్డు చూపించింది. ఆయన కార్డు చూశారు, ఆమెని చూశారు. మళ్లీ కార్డు చూశారు.

"మీరు స్త్రీయే కదమ్మా?" అని అడిగారు.

"ఔను బాబూ," అంది సింహాచలం. "పుట్టినకాడ్నించీ."

ఆయన కలం తీసి దిద్దేశారు. ముద్ర నేనే వేశాను. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కాసేపు ఆ కార్డు పట్టుకుని అలాగే కూర్చుంది. ఇంకేమైనా సంతకాలు పెట్టాలేమోనని అనుమానం కాబోలు. తర్వాత లేచి, ఎవరికీ దణ్ణం పెట్టకుండా, గంప నెత్తిన పెట్టుకుని గబగబా వెళ్లిపోయింది. మనసు మార్చుకుంటామేమోనని భయపడినట్టుంది.

మర్నాడు ఆమె ఊరివాళ్లు పదిమంది వచ్చారు. ఆ మరుసటి రోజు ఇంకో ఊరు. పరాంకుశం గారికి వేరే దారి లేక వరసగా తప్పులు దిద్దుతూ పోయారు. లోపల మొక్కలు చల్లగా కూర్చున్నాయి. బయట ఫైళ్లు కదలడం మొదలుపెట్టాయి. పథకాన్ని కనిపెట్టినవారు చూస్తే సంతోషించి ఉండేవారు.

ఇక నీళ్ల సంగతి. పది రోజులకి అరగ్లాసు అన్న మాట నేను దాలమ్మకి చదివి వినిపించాను. ఆమె వినలేదనుకుని మళ్లీ చదివాను.

"ఇన్నాను బాబూ," అంది. "మొక్క నిద్దరోతాదని మీకు సెప్పినోలికి మొక్కలున్నాయేటి?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు. ఎప్పటిలాగే రోజూ పొద్దున్నే, ఆఫీసు తెరిచే వేళకి ముందు, చెంబుతో తిరిగి నీళ్లు పోసేది. అందరికీ తెలుసు, ఎవరూ చూడలేదు. చూడకపోవడంలో మా ఆఫీసుకి మంచి అనుభవం ఉంది.

మొదటి శుక్రవారం నేను కుండీ కుండీకీ తిరిగి వెతికాను. ఒక్క ఆకూ రాలలేదు. పైగా మనీప్లాంటు ఒకటి సోఫా చేతిని చుట్టేసింది. ఏడో నంబరు ప్రొఫార్మాలో 'శూన్యం' అని రాసి పంపాం. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. శరత్కాలంలో ఆకులు రాలడం సహజ ప్రక్రియ అనీ, మిగిలిన జిల్లాలన్నీ తృప్తికరమైన సంఖ్యలో ఆకులు చూపిస్తున్నాయనీ, మీ కార్యాలయంలో ఒక్క ఆకైనా రాలకపోవడాన్ని తీవ్రంగా పరిగణిస్తున్నామనీ అందులో ఉంది.

పరాంకుశం గారు చిన్నప్పుడు తెలుగు పండితుల ఇంట్లో చదువుకున్నవారు. ఆ కాగితం చదివి చాలాసేపు బాధపడ్డారు. మన ఋతువుల్లో ఆకులు రాల్చేది శిశిరం, అంటే మాఘ ఫాల్గుణాలు. శరత్తు అంటే పండు వెన్నెల, తేటపడిన ఏరు, తెల్లటి మబ్బు. శరత్తులో ఆకు రాల్చమనడం సంక్రాంతి నాడు రాఖీ కట్టమన్నట్టు ఉందని నాతో అన్నారు. ఆ ధైర్యంతో ఒక విన్నపం కూడా పంపారు, పై సూచిక ప్రకారం అనే మొదలుపెట్టి. దానికి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: 'ప్రధాన కార్యాలయం నిర్ణయించిన ఋతువే ఋతువు.' దాని కింద, మొక్కల నిర్వహణ ఎవరి చేతిలో ఉందో ఆ సిబ్బందినుంచి ఆకులు రాలనందుకు సంజాయిషీ తీసుకుని పంపాలని, అంతవరకూ వారికి సంబంధించిన ఏ సర్వీసు ఫైలూ పరిశీలించబడదని ఉంది.

మొక్కల నిర్వహణ ఎవరి చేతిలో ఉందన్నది ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కుండీల రిజిస్టరులో దాలమ్మ పేరు రాసింది కూడా నేనే. ఎండాకాలంలో ఆమె మొక్కల్ని బతికించినప్పుడు, ఆ మంచి ఆమె ఖాతాలో పడాలని, ఫైలుకి పనికొస్తుందని రాశాను.

మెమో ఆమెకి ఇచ్చినప్పుడు చదివి చెప్పమంది. చదివాను. ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వింది. ఫైలు ఆగిపోయిందన్న ముక్క దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆకు రాల్లేదని నా కాయితం ఆపీసినారా?" అని అడిగింది.

అవునన్నాను.

"మరి ఎండల్లో సెట్లు సచ్చిపోతన్నప్పుడు ఈలెక్కడున్నారు బాబూ?"

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. నాకు ఆమె ముఖంలోకి చూడబుద్ధి కాలేదు. సంజాయిషీ నేనే రాసి వేలిముద్ర వేయించాను. 'సదరు మొక్కలకు ఆకులు రాల్చవలసినదిగా మౌఖికంగా తెలియజేసి యున్నాననీ, అవి సహకరించలేదనీ' రాశాను. అది ఎగతాళి అనుకుంటారేమోనని భయపడ్డాను. అనుకోలేదు. మౌఖికంగా కాక లిఖితపూర్వకంగా ఎందుకు తెలియజేయలేదని అడిగారు.

ఆఫీసులో అందరం కూర్చుని ఆలోచించాం. కుండీకి రెండు ఆకుల చొప్పున తుంపేస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. ఎనభై ఆరు ఆకులు, ఓ కవరు, పని అయిపోతుంది. దాలమ్మ అడ్డం నిలబడింది. ఆమె ఉద్యోగం కోసమే అని చెప్పాం. అయినా ఒప్పుకోలేదు.

"పచ్చాకు పీకి రాలిపోనాదని రాసుకుంతారా? నాకొద్దు. ఆ ఉజ్జోగం లేకండా పదకొండేల్లు బతికీసినాను."

అలా అని మొక్కల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి నేను వెళ్లి చూస్తే తడిగుడ్డతో క్రోటన్ ఆకులు తుడుస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏసీ చలి పడదని చెప్పింది.

ఆ తర్వాత మూడో రోజున బంగాళాఖాతంలో వాయుగుండం లేచి రెండు రోజులు ఈదురుగాలి కొట్టింది. ఆఫీసు ఆవరణలో బాదంచెట్టు కింద చాప పరిచినట్టు ఆకులు పడ్డాయి. నేను గొడుగు వేసుకుని వెళ్లి ఎనభై ఆరు ఏరాను. తుడిచి, ఆరబెట్టి, కవరులో పెట్టి, ప్రొఫార్మాలో 'ఎనభై ఆరు' అని రాసి పంపేశాను. పరాంకుశం గారు కవరు మందం చూశారు, ఏమీ అడగలేదు. పంతొమ్మిదేళ్లలో నేను నా అంతట నేను చేసిన మొదటి పని అది.

ఆ పని బెడిసికొట్టింది. ప్రధాన కార్యాలయం అమితంగా సంతోషించింది. మనీప్లాంటు ఆకు అరచేతికంటే పెద్దదిగా ఎదగడం ఈ రాష్ట్రంలోనే ఇదే మొదలనీ, ఈ ఆదర్శ కార్యాలయాన్ని సంయుక్త సంచాలకులు శ్రీమతి హైమవతి గారు స్వయంగా తనిఖీ చేస్తారనీ తెలియజేసింది.

ఆవిడ దసరా వెళ్లిన వారానికి వచ్చారు. శరదృతువు అధికారికంగా అమల్లో ఉంది కాబట్టి స్వెటరు వేసుకున్నారు. కారు దిగి మెట్లెక్కేసరికి నుదుటి మీద చెమట ధారలు కట్టింది, అయినా తీయలేదు. అంత క్రమశిక్షణ ఉన్న అధికారి. వరండాలో నలభైమంది అర్జీదారుల మధ్య పరాంకుశం గారిని గుర్తుపట్టడానికి ఆవిడకి కొంత సమయం పట్టింది.

గది తలుపు తీశాం. చల్లగాలితోబాటు పచ్చదనం ముఖాన కొట్టింది. మనీప్లాంటు సోఫానంతా అల్లేసి కిటికీ ఊచల దాకా పోయింది. క్రోటన్లకి ఎర్రటి లేత చిగుళ్లు. ఒక స్నేక్ ప్లాంటుకి పక్కనే మూడు పిలకలు లేచాయి. ఆ గదిలో నిద్రపోతున్నది ఏదీ లేదు.

హైమవతి గారు బ్యాగులోంచి నేను పంపిన బాదం ఆకు ఒకటి తీశారు. మొక్క మొక్క దగ్గరికీ తీసుకువెళ్లి పక్కన పెట్టి చూశారు. నలభై మూడూ అయ్యాక నావైపు తిరిగారు. ఇది ఏ మొక్క ఆకు అని అడిగారు.

పంతొమ్మిదేళ్ల సర్వీసు ఊరికే పోదు. రాలిన ఆకులెన్ని అన్నదే ప్రొఫార్మాలో అడిగారనీ, ఏ చెట్టువన్న గడి అందులో లేదనీ వినయంగా మనవి చేశాను. ఆవిడ ప్రొఫార్మా తెప్పించుకుని ముందూ వెనకా చూశారు. గడి నిజంగానే లేదు. ఆ లోపాన్ని చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత వంగి, ఒక కుండీ మట్టిలో వేలు పెట్టారు. వేలికి తడి అంటింది.

"ఈ మొక్కలకి నీళ్లు పోస్తున్నదెవరు?"

గుమాస్తాలు కప్పుకేసి చూశారు. తలుపు పక్కనుంచి దాలమ్మ ముందుకి వచ్చింది.

"నానేనమ్మా."

"పది రోజులకోసారేనా?"

"రోజూ పోసినాను. దాగమేత్తాది గదమ్మా."

హైమవతి గారు చెడ్డ మనిషేమీ కాదు. గొంతు కూడా పెంచలేదు. శరత్కాలంలో ముందస్తు అనుమతి లేకుండా ఎదుగుదలని ప్రోత్సహించడం ఉత్తర్వుల ఉల్లంఘన కిందికి వస్తుందని, ఎనభై తొమ్మిది రోజులు నిండగానే ఈమెని తప్పించి తిరిగి తీసుకోవద్దని, పర్మనెంటు ప్రతిపాదన తిరస్కరించవచ్చునని నాకు చెప్పి రాసుకోమన్నారు. నేను కాగితం మీద కలం పెట్టాను. కలం కదల్లేదు. సిరా అయిపోయిందని అబద్ధం చెప్పాను.

దాలమ్మ చేతిలో చెంబు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి నేల మీద పెట్టి నిలబడింది.

అప్పుడు పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. నెల రోజుల వరండా ఎండకి ఆయన ముఖం నల్లబడింది, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"మేడం," అన్నారు. "రికార్డుల ప్రకారం ఒక్క మనవి. ఈ కార్యాలయానికి శరదృతువు ఇంతవరకూ అందలేదు."

ఆవిడకి అర్థం కాలేదు. సర్క్యులరు పంపామే అన్నారు.

"సర్క్యులరు అందింది మేడం. అందులో చెప్పిన ఋతువు అందలేదు. అందితే ఇన్‌వార్డులో ఎంట్రీ ఉండాలి."

నాకు ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆఫీసుకి వచ్చిన ప్రతి కాగితమూ ఎక్కే ఆ ఇన్‌వార్డు రిజిస్టరు తెమ్మని హైమవతి గారు అన్నారు, పరుగున తెచ్చాను. ఆవిడ సెప్టెంబరు మొదలుకుని ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివారు. ఒకవేళ ఆవిడ నవ్వేసినా, కోపగించుకున్నా మా పని అయిపోయేది. కానీ ఆవిడ ముప్ఫై ఏళ్లుగా రిజిస్టర్లలో పెరిగిన మనిషి. రిజిస్టరులో లేనిది ఉందని అనడం ఆవిడకి చేతకాదు. సర్క్యులరు ఎంట్రీ కనబడింది. మా ఊరి పక్కాఇళ్ల జాబితా కనబడింది. గోడ గడియారం మరమ్మతు కాగితం కనబడింది. శరదృతువు లేదు.

"అక్కడినుంచి డిస్పాచ్ అయిందో లేదో మా వైపు కూడా చూడాలి," అన్నారు చివరికి. అనేసి స్వెటరు విప్పి చేతి మీద వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ వరండాలో దాలమ్మ ఇచ్చిన కుండ నీళ్లు రెండు గ్లాసులు తాగారు.

ఆ తర్వాత ప్రధాన కార్యాలయానికీ మాకూ మధ్య ఉత్తరాలు నడిచాయి. శరదృతువుని పంపినట్టు వారి డిస్పాచ్ రిజిస్టరులోనూ లేదు. పంపవలసింది ఏ విభాగమో తేలలేదు. పరిపాలన విభాగం సాంకేతిక విభాగాన్ని అడిగింది, సాంకేతిక విభాగం అది విధాన నిర్ణయమంది. చివరికి కార్తీకం సగంలో ఓ కాగితం వచ్చింది: సదరు ఋతువు అందేవరకు ప్రస్తుత పద్ధతినే కొనసాగించవలెను. ఋతువే లేదు కనుక ఉల్లంఘనా లేదు. మెమో మూసేశారు. మొక్కలు ఎవరి బల్లకి వారివి చేరాయి. పరాంకుశం గారు తన గదిలోకి తిరిగి వెళ్లి, ఒక పూట కూర్చుని, మధ్యాహ్నానికి కుర్చీ మళ్లీ వరండాలోకి లాక్కున్నారు. లోపల ఏమీ తోచడం లేదన్నారు.

కార్తీక పౌర్ణమి వెళ్లిన సోమవారం దాలమ్మ పర్మనెంటు ఆర్డరు వచ్చింది. నేను చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. మూడోసారి తనే తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం ఆఫీసంతటికీ బెల్లం మిఠాయి పంచింది.

ఆర్డరుకి ఒక జాబితా కుట్టి ఉంది. పర్మనెంటు అటెండరు చేయవలసిన పనులు పదిహేడు. తలుపులు తీయడం, టపా మోయడం, గంట కొట్టడం. మొక్కలకి నీళ్లు పోయడం అందులో లేదు. అది తోటమాలి పోస్టు కిందికి వస్తుంది. తోటమాలి పోస్టు మాకు మంజూరు కాలేదు. జాబితాలో లేని పని పర్మనెంటు ఉద్యోగితో చేయిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని పరాంకుశం గారు దిగులుగా చెప్పారు. దాలమ్మ తలూపింది. కొత్త నీలం చీర కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మూడు రోజులకి మనీప్లాంట్లు మెడలు వాల్చాయి. నాలుగో రోజున ఒక క్రోటన్ ఆకు, ఎవరూ అడక్కుండానే, నా ఫైలు మీద రాలింది.

ఆ రోజుల్లో అర్జీదారులు పెందలకడే వచ్చేస్తున్నారని నేనూ పరాంకుశం గారూ కూడా ముందే వస్తున్నాం. అయిదో రోజు పొద్దున మేం మెట్లెక్కేసరికి దాలమ్మ పాత చీరలో, చెంబు పట్టుకుని, బల్ల బల్లకీ తిరుగుతోంది. కొత్త చీర మడత పెట్టి స్టూలు మీద ఉంది.

పరాంకుశం గారు గుమ్మంలో ఆగిపోయారు. ఏ ఉత్తర్వు ప్రకారం ఈ పని చేస్తున్నావమ్మా అని, మెల్లగానే, అడిగారు.

దాలమ్మ నీళ్లు పోయడం ఆపలేదు.

"నా డూటీ పదిన్నరకి గదా బాబూ. అందాకా నాను గవర్మెంటు మనిసిని గాదు. ఉత్త మనిసిని."

పరాంకుశం గారు చేతి గడియారం చూసుకున్నారు. తొమ్మిది నలభై అయింది. తర్వాత సంచీ గుమ్మం పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, కుండ మీది గ్లాసు నీళ్లలో ముంచారు.